నాలుగో బోల్టు

మే నెల మూడో వారం.
కొట్టం బయట కంకర మీద అట్టపెట్టె విప్పి పరుచుకుని
బండి కిందకి వెల్లకిలా జారాను.
తుప్పు ముక్కుపొడిలా మొహమ్మీద రాలింది.

వెనక ఇరుసు మీద అడ్డంగా పడుకున్న కడ్డీ,
నా బొటనవేలికన్నా కాస్త లావు,
రెండు చివర్లా వంగి
చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది.
ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ వియ్యం కలిపింది ఇదే.
ఒకటి గుంటలో కాలేస్తే
రెండోదానికి కబురు మోసేదీ ఇదే.

డెల్మర్ వెన్నులో కూడా రెండు కడ్డీలున్నాయి.
టైటానియం. ఆరు మరలు.
ఫిబ్రవరిలో మంచు మీద గుర్రం జారి అతని మీద పడింది.
గుర్రానికేం కాలేదు.
నన్ను చూస్తే మాత్రం
అప్పు ఎగ్గొట్టినవాడిలా తల తిప్పుకుంటుంది.

మా గేటు నుంచి మాల్టాకి ఇరవై మూడు మైళ్లు కంకర,
అక్కణ్ణుంచి హావర్ ఆసుపత్రి దాకా తారు.
తారుతో నాకు పేచీ లేదు.
కంకరే, సిమెంటు రేకులా అలలు తేలి ఉంటుంది.
ఒక టన్ను మోసే బండికి
ఖాళీగా ఉన్నప్పుడు మనిషంటే లెక్కలేదు.
వెనక పది ఆవుల్ని కట్టండి,
నెత్తిన పాలకుండ ఉన్నదానిలా నడుస్తుంది.
ఒక్క డెల్మర్‌ని కూర్చోబెడితే
పిండి జల్లించినట్టు ఎడమకీ కుడికీ ఆడిస్తుంది.

గరాజులో లైల్ ఫిష్‌బాక్ చెప్పాడు:
"టైర్లలో గాలి ఎనభై నుంచి యాభైకి దించు.
తొట్టిలో నాలుగు ఇసుక బస్తాలు వెయ్యి.
ఆ కడ్డీ తీస్తానంటావా, తియ్యి.
కానీ మార్లిస్, ఎత్తుగా ఏదీ ఎక్కించకు.
పక్కగాలి ఊరుకోదు."

మూడు బోల్టులు మాట విన్నాయి.
నాలుగోదానికి రెండు రోజులు, సగం డబ్బా నూనె,
మా అమ్మమ్మ నార్వే తిట్లు, నాకు వచ్చినవన్నీ.

మొదటి ప్రయాణం.
తలుపు పైన పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.
ఎడమ చక్రం గుంటలో దిగింది.
కుడి పక్కన అతనికి తెలియనే లేదు.
ఎక్లండ్ వాళ్ల మలుపులో మాత్రం
నిద్రలో భుజం వెతుక్కునేవాడిలా బండి ఒరిగింది.
"బాగుందా?"
"సగం."

ఆ మిగతా సగం ఏమిటో
పశువులు దాటకుండా పరిచిన ఇనప గొట్టాల మీద తెలిసింది.
రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే గతుక్కి
కడ్డీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.
అతని ఊపిరి కత్తిరించినట్టు ఆగింది.
ఆ దారిలో అలాంటివి నాలుగున్నాయి.
పదహారేళ్లుగా దాటుతున్నదాన్ని,
ఆ రోజే లెక్కపెట్టాను.

పదకొండు సార్లు వెళ్లొచ్చాం.
"దీని నడక మారిపోయింది, ఎవరిదో బండిలా ఉంది"
అన్నాడొకసారి.
నేను రోడ్డునే చూస్తూ ఉన్నాను.
నడక మారింది ఒక్క బండికేనా.

సెప్టెంబరులో లైల్ మాట మరిచి
గడ్డి మోపులు రెండు వరసలు ఎక్కించాను.
మిట్ట మీద గాలి భుజమ్మీద చెయ్యేసి తోసింది.
ఒక్క క్షణం పక్క అద్దంలో అంతా ఆకాశమే.

అక్టోబరు. మళ్లీ అదే అట్టపెట్టె.
డెల్మర్ వంగలేడు.
బకెట్ బోర్లించి కూర్చుని
టోపీలోంచి ఒక్కో బోల్టూ నేల మీదకి వదిలి
బూటుతో నా వైపు తోశాడు.
మూడు.
నాలుగోది అరచేతిలోనే ఉంచుకున్నాడు చాలాసేపు.

"ఇదొక్కటీ కాస్త వదులుగా ఉంచనా?" అన్నాను.
"లొడలొడలాడుతుంది. ఆ చప్పుడు నాకు పడదు.
బిగించు."

సాయంత్రం ఆవుల్ని ఎక్కించి బయల్దేరాం.
బండి మెత్తగా, బరువుగా సాగింది.
మొదటి ఇనప గొట్టాలు దగ్గరపడుతుంటే
ఊపిరి బిగపట్టాం,
అతనూ నేనూ, ఒకేసారి.